ఇంకొకరి చేతిలో ఉన్న డొమైన్ కొనడం ఎలా: వాకబు నుంచి ఖాతా మార్పు దాకా

వెబ్‌సైట్‌కు కావాల్సిన చిరునామా, అంటే డొమైన్ పేరు, కొట్టి చూస్తే "ఇప్పటికే తీసుకున్నారు" అని వస్తుంది. చాలామంది అక్కడే ఆగిపోయి, పేరు మధ్యలో ఓ గీతో చివర ఓ అంకో తగిలించి సరిపెట్టుకుంటారు. ఇంకొందరు కంగారుపడి ముక్కూమొహం తెలియని ఖాతాకు డబ్బు పంపి, పేరూ డబ్బూ రెండూ పోగొట్టుకుంటారు. పాత పేరు కొనడానికి ఒక వరస ఉంది. నష్టాలన్నీ ఆ వరస తప్పినప్పుడు వచ్చేవే.

ఇక్కడి లెక్కలు ప్రధానంగా డాట్ కామ్, డాట్ నెట్ లాంటి పేర్లకు వర్తిస్తాయి. డాట్ ఇన్‌కు తేడా ఉన్నచోట విడిగా చెప్పాం.

1. ఎవరి దగ్గర ఏముంటుంది

పేరు చివరి డాట్ కామ్, డాట్ ఇన్ లాంటి భాగాన్ని తోక అందాం. రిజిస్ట్రీ అంటే ఒక తోక మొత్తానికి మూల పట్టిక నడిపే సంస్థ. డాట్ కామ్‌కు వెరిసైన్, డాట్ ఇన్‌కు నిక్సీ. రిజిస్ట్రార్ అంటే మనకు పేరు అమ్మే దుకాణం: గోడాడీ, నేమ్‌చీప్, బిగ్‌రాక్ లాంటివి. రిజిస్ట్రంట్ అంటే ఆ పేరు ఎవరి మీద ఉందో వాళ్లు.

ఇందులో మీరు బేరం ఆడాల్సింది రిజిస్ట్రంట్‌తోనే. ఆ రిజిస్ట్రంట్ ఎవరన్న దగ్గరే మన ఊళ్లలో పెద్ద చిక్కు వస్తుంది. బట్టల షాపు ఓనరు ఆ డొమైన్ తనదే అనుకుంటాడు. తీరా చూస్తే అది వెబ్‌సైట్ చేసిన కుర్రాడి ఖాతాలో, ఆ కుర్రాడి ఈమెయిల్ మీద ఉంటుంది. ఓనరుతో బేరం కుదుర్చుకున్నా ఖాతా తాళం ఇంకొకరి జేబులోనే ఉంది. అందుకే మొదటి ప్రశ్న ఇది: "రిజిస్ట్రార్ ఖాతాలోకి మీరే లాగిన్ అవ్వగలరా?"

2. పేరు ఏ స్థితిలో ఉందో చూడండి

పాత వ్యాసాలన్నీ హూఈజ్ (పేరు ఎవరిదో వెతికే పాత పద్ధతి) చూడమంటాయి. డాట్ కామ్ లాంటి పేర్లకు 2025 జనవరి 28 నుంచి అధికారిక సమాచారం దాని స్థానంలో వచ్చిన ఆర్‌డాప్ పద్ధతిలోనే వస్తోంది. డొమైన్ పేర్ల వ్యవస్థను ప్రపంచమంతటా చూసే ఐకాన్ సంస్థ లుకప్ పేజీలో పేరు కొడితే చాలు, ఖర్చేమీ లేదు. యజమాని పేరు, ఫోను చాలావరకు కనిపించవు. 2018లో యూరప్ గోప్యతా చట్టం అమల్లోకి వచ్చినప్పటి నుంచి వాటిని దాచేస్తున్నారు. అయినా మనకు కావాల్సినవి ఉంటాయి:

- రిజిస్ట్రార్ పేరు
- మొదట రిజిస్టర్ చేసిన తేదీ, గడువు తేదీ
- నేమ్‌సర్వర్లు, అంటే పేరు కొట్టినవారిని ఏ సైటుకు పంపాలో చెప్పే సర్వర్లు. ఇవి ఏదైనా అమ్మకపు వేదికవి అయితే పేరు బేరానికి ఉన్నట్టే
- స్టేటస్ కోడ్‌లు

స్టేటస్ కోడ్‌లు చూసి చాలామంది బెదిరిపోతారు. "క్లయింట్ ట్రాన్స్‌ఫర్ ప్రొహిబిటెడ్" మామూలు తాళమే, అమ్మేవారు తమ ఖాతాలో ఒక నొక్కుతో తీసేస్తారు. "సర్వర్ ట్రాన్స్‌ఫర్ ప్రొహిబిటెడ్" అలా కాదు. అది రిజిస్ట్రీ వేసిన తాళం. యజమాని అదనపు భద్రత కోసం వేయించుకుని ఉండొచ్చు, లేదా పేరు మీద తగాదా నడుస్తూ ఉండొచ్చు. కారణం తేలేదాకా ముందుకు వెళ్లొద్దు. "క్లయింట్ హోల్డ్", "సర్వర్ హోల్డ్" ఉంటే ఆ పేరు ఇంటర్నెట్‌లో పనిచేయడం లేదని అర్థం. ఎందుకు ఆపారో అడగాల్సిందే.

"రిడెంప్షన్ పీరియడ్" కనిపిస్తే గడువు దాటిపోయింది. ఇప్పటికి దాన్ని విడిపించుకోగలిగింది పాత యజమాని ఒక్కరే. అదీ మామూలు రెన్యువల్‌కు తోడు అదనపు రుసుము కట్టి. ఈ దశలో "అమ్ముతాను" అన్నవారు ముందు విడిపించి చూపించాలి.

3. పేరు పూర్వాపరాలు

స్థలం కొనేముందు లింకు డాక్యుమెంట్లు చూసినట్టే ఇదీ. ఓ పూట కేటాయించండి.

ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో ఆ పేరు కొట్టి, ఏడాదికి రెండు మూడు చొప్పున పాత పేజీలు తెరవండి. ఒక గుర్తు తప్పకుండా చూడాలి. రిజిస్టర్ చేసిన తేదీ 2021 అని ఉండి, ఆర్కైవ్‌లో 2009 నాటి పేజీలు కూడా దొరికితే, పేరు మధ్యలో ఒకసారి వదిలేయబడి మళ్లీ తీసుకోబడింది. ఆ మధ్యకాలంలోనే చాలా పేర్లు జూదం, నకిలీ మందుల పేజీలకు వాడబడతాయి. ఆ మచ్చ గూగుల్‌లోనూ, మెయిల్ సర్వర్లలోనూ ఉండిపోతుంది.

తర్వాత ప్రమాదకర సైట్లను గుర్తించే గూగుల్ సేఫ్ బ్రౌజింగ్, స్పామ్ పంపేవారిని పట్టే స్పామ్‌హాస్ జాబితాల్లో చూడండి. స్పామ్‌హాస్‌లో ఉన్న పేరుతో మెయిల్ పంపితే ఎదుటివారి ఇన్‌బాక్స్ చేరదు. వ్యాపారానికి కొంటున్నవారికి ఇది వెబ్‌సైట్ కన్నా పెద్ద దెబ్బ. సైటు నడుస్తున్న పేరైతే గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో, గూగుల్ వేసిన శిక్షలు కనిపించే మాన్యువల్ యాక్షన్స్ పేజీని స్క్రీన్‌షాట్‌గా కాకుండా, స్క్రీన్ షేర్‌లో తెరిచి చూపమనండి.

ఇక ట్రేడ్‌మార్క్. మన దేశంలో ఐపీ ఇండియా వెబ్‌సైట్‌లో ఉచితంగా వెతకొచ్చు. అచ్చం అదే పేరుతో వెతికి ఆపకండి, పలికితే అలాగే వినిపించే పేర్లనూ వెతకండి. 2004లో సత్యం ఇన్ఫోవే కేసులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది సరిగ్గా ఇలాంటి పోలికే: ఒకరిది సిఫీ, ఇంకొకరు సిఫీనెట్ అని తీసుకున్నారు. డొమైన్ పేరుకూ ట్రేడ్‌మార్క్ తరహా రక్షణ ఉంటుందని కోర్టు తేల్చింది.

పాత పేరు కొనేవారు ఎక్కువగా పడే పొరపాటు ఒకటుంది. "ఇది ఇరవై ఏళ్ల కిందటి పేరు, ఆ కంపెనీ నిన్న మొన్న వచ్చింది, నాకేం భయం" అనుకుంటారు. యూడీఆర్‌పీ అనే అంతర్జాతీయ వివాద పద్ధతిలో, పేరు చేతులు మారితే కొత్త యజమాని ఉద్దేశాన్ని అతను కొన్న తేదీ నుంచే చూస్తారు. మీరు కొనే నాటికి ఆ కంపెనీ మార్క్ ఉంటే, పేరు వయసు మిమ్మల్ని కాపాడదు. ఈ ఫిర్యాదులు వినే ప్రపంచ మేధో సంపత్తి సంస్థ వైపో దగ్గర ఒక్క న్యాయనిర్ణేతతో, ఐదు పేర్ల వరకు ఫిర్యాదుకు రుసుము 1500 డాలర్లు. పెద్ద కంపెనీకి అది లెక్కలోకే రాదు. మీరు ఓడిపోతే పేరు వాళ్లకు పోతుంది, కొన్న డబ్బు వెనక్కి రాదు. డాట్ ఇన్‌కు ఇలాంటిదే ఐఎన్‌డీఆర్‌పీ ఉంది.

బ్యాంకు పేరును పోలినవాటి జోలికి అసలు వెళ్లొద్దు. రిజర్వ్ బ్యాంక్ ఆదేశం ప్రకారం బ్యాంకులన్నీ 2025 అక్టోబర్ 31 లోగా డాట్ బ్యాంక్ డాట్ ఇన్‌కు మారాల్సి వచ్చింది. ఆ తోకతో పేర్లు ఇచ్చేది హైదరాబాద్‌లోని బ్యాంకింగ్ సాంకేతిక సంస్థ ఐడీఆర్‌బీటీ ఒక్కటే, అదీ బ్యాంకులకే. ఆ తోక ఉన్న పేరు మీకు అమ్ముతానని ఎవరైనా వస్తే అది మోసమే.

4. ఎంత పెట్టొచ్చు

కొత్త పేరు ఖర్చుతో మొదలుపెట్టండి. డాట్ కామ్‌కు రిజిస్ట్రార్ నుంచి వెరిసైన్ వసూలు చేసే హోల్‌సేల్ ధర 2024 సెప్టెంబర్ నుంచి ఏడాదికి 10.26 డాలర్లు. దానికి పైన ఉన్నదంతా పేరు విలువ. ఆ విలువకు పట్టిక లేదు. ఆటోమేటిక్‌గా ధర కట్టే పరికరాలు ఇచ్చే అంకెను బేరంలో నమ్మకండి. నేమ్‌బయో లాంటి చోట ఇలాంటి పేర్లు నిజంగా ఎంతకు అమ్ముడయ్యాయో చూడండి: అదే తోక, అంతే పొడవు, అదే తరహా మాట. మన అవసరానికి ఐదారు పోలికలు చాలు.

తెలుగు మాటల పేర్లకు ఒక పరీక్ష తప్పనిసరి. ఫోన్‌లో చెప్పి, అవతలివారిని టైప్ చేయమనండి. "తోట" అంటే ఒకరు టీ-ఓ-టీ-ఏ కొడతారు, ఇంకొకరు టీ-హెచ్-ఓ-టీ-ఏ. "దీపం"లో దీర్ఘానికి ఒకరు రెండు ఈలు పెడతారు, ఇంకొకరు ఒక్క ఐతో సరిపెడతారు. నలుగురిలో ఇద్దరు వేరేలా కొట్టారంటే మీ ప్రచారంలో సగం రెండో రాత ఉన్నవారికి పోతుంది. అలాంటప్పుడు రెండు రాతలూ దొరికితేనే పూర్తి ధర పెట్టండి. ఒక్కటే దొరికితే ధర గట్టిగా తగ్గించాలి.

తెలుగు లిపిలోనే డాట్ భారత్ పేరు కూడా తీసుకోవచ్చు. బోర్డు మీద ముచ్చటగా ఉంటుంది. కానీ ఈమెయిల్ అడిగే చాలా ఫారాలు ఆ చిరునామాను ఇప్పటికీ తిప్పికొడతాయి. రెండో పేరుగా ఉంచుకోండి, ప్రధానమైనది వేరే ఉండాలి.

కొనే ధరకు తోడు ఇవి కలుపుకోండి:

- ఎస్క్రో (పేరు చేతికి వచ్చేదాకా డబ్బు పట్టి ఉంచే మధ్యవర్తి) రుసుము, ఎవరు కట్టాలో ముందే తేల్చుకోవాలి
- డాలర్లలో చెల్లిస్తే మారకపు ఖర్చు
- మన దేశపు రిజిస్ట్రార్ బిల్లు మీద 18 శాతం జీఎస్టీ
- బదిలీ అయితే ఒక ఏడాది రెన్యువల్
- ఏటా రెన్యువల్ ధర

ఆఖరిది చూడకుండా కొని ఏడ్చినవారు ఎందరో. కొత్త తరహా తోకల్లో కొన్ని పేర్లకు రిజిస్ట్రీయే "ప్రీమియం" ముద్ర వేస్తుంది. మొదటి ఏడాదే కాదు, కొన్నిటికి ప్రతి ఏడాదీ వందల డాలర్లు కట్టాలి. కొనేముందు రిజిస్ట్రార్‌ను ఆ పేరుకు రెన్యువల్ ఎంతో రాతపూర్వకంగా అడగండి. డాట్ ఏఐ పేర్లకు కనీసం రెండేళ్లకు కట్టాలన్నదీ గుర్తుంచుకోండి.

5. అడిగే తీరు

పేరు అమ్మకపు వేదికలో ఉంటే ధర అక్కడే కనిపిస్తుంది, లేదా ఆఫర్ పెట్టే గడి ఉంటుంది. లేకపోతే రిజిస్ట్రార్ ఇచ్చే సంప్రదింపు ఫారం ద్వారా రాయండి. యజమాని వివరాలు దాచినా ఆయనకు ఉత్తరం చేరే దారి ఉంటుంది. సందేశం పొట్టిగా ఉండాలి:

"నమస్కారమండి. ఫలానా పేరు మీ దగ్గర ఉందని తెలిసింది. అమ్మే ఆలోచన ఉంటే మీరు అనుకుంటున్న ధర చెప్పగలరా? డబ్బు ఎస్క్రో ద్వారా ఇస్తాను, రుసుము నేనే పెట్టుకుంటాను."

ఎందుకు కావాలో, మీ కంపెనీ ఏదో, ఎంత తొందరో రాయకండి. కంపెనీ మెయిల్ నుంచి రాస్తే వాళ్లు మొదట మీ వెబ్‌సైట్ తెరుస్తారు, ఆ తర్వాతే ధర చెబుతారు. జవాబు రాకపోతే పది రోజులాగి ఒక్కసారి గుర్తుచేయండి. రోజూ రాస్తే అవసరం బయటపడిపోతుంది.

6. డబ్బు, పేరు: ఏది ముందు

కొనేవారు ముందు పేరు ఇవ్వమంటారు, అమ్మేవారు ముందు డబ్బు ఇవ్వమంటారు. ఈ పీటముడికి విరుగుడు ఎస్క్రో. ఎస్క్రో డాట్ కామ్ ఈ పని చేస్తుంది. సెడో, ఆఫ్టర్నిక్ లాంటి వేదికల్లో కొంటే ఆ వేదికే డబ్బు పట్టి ఉంచుతుంది. పాత వ్యాసాల్లో కనిపించే డాన్ డాట్ కామ్ కోసం వెతకకండి. దాన్ని 2022లో గోడాడీ కొని, తర్వాత ఆఫ్టర్నిక్‌లో కలిపేసింది.

1. ఒప్పందంలో పేరు, ధర, కరెన్సీ, రుసుము ఎవరిది, పేరు ఏ పద్ధతిలో మారుతుంది, పరిశీలనకు ఎన్ని రోజులు అన్నవి రాయండి. వెబ్‌సైట్, లోగో, సోషల్ మీడియా ఖాతాలు కూడా వస్తాయనుకుంటే వాటినీ విడివిడిగా రాయాలి. రాయనిది రాదు.
2. కొనేవారు ఎస్క్రోకు చెల్లిస్తారు.
3. డబ్బు చేరిందని ఎస్క్రో అమ్మేవారికి చెబుతుంది. అమ్మేవారు మెయిల్‌లోని లింకు నొక్కకుండా, ఎస్క్రో సైటును బ్రౌజర్‌లో తామే తెరిచి చూసుకోవాలి. నకిలీ "డబ్బు వచ్చింది" మెయిళ్లతో పోయిన పేర్లు చాలా.
4. అమ్మేవారు పేరు పంపుతారు.
5. కొనేవారు మూడు చూస్తారు: పేరు తన ఖాతాలో ఉందా, ఆర్‌డాప్‌లో మార్పు కనిపిస్తోందా, నేమ్‌సర్వర్ మారిస్తే నిజంగా మారుతోందా.
6. మూడూ కుదిరాకే "అంగీకరిస్తున్నాను" నొక్కాలి. ఆ నొక్కుతో డబ్బు వెళ్లిపోతుంది.

అమ్మేవారు "ఖాతా పాస్‌వర్డే ఇచ్చేస్తాను, ఎస్క్రో ఎందుకు" అంటే ఒప్పుకోవద్దు. పాత ఈమెయిల్‌తో వాళ్లు రేపు ఆ ఖాతాను మళ్లీ తెరవగలరు.

7. పేరు చేతులు మారడం

దారులు రెండు. అదే రిజిస్ట్రార్ దగ్గర ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు తోయడాన్ని పుష్ అంటారు. నిమిషాల్లో అయిపోతుంది, సాధారణంగా ఖర్చుండదు, గడువు తేదీ మారదు. ఒక రిజిస్ట్రార్ నుంచి ఇంకో రిజిస్ట్రార్‌కు మార్చడం ట్రాన్స్‌ఫర్. దీనికి ఏడాది రుసుము కట్టాలి, ఆ ఏడాది గడువుకు కలుస్తుంది.

మా సలహా ఎప్పుడూ ఒకటే: ముందు పుష్ చేయించుకోండి. అమ్మేవారి రిజిస్ట్రార్ దగ్గర మీరూ ఒక ఖాతా తెరవండి, పేరు అందులోకి రానివ్వండి, ఎస్క్రో ముగించండి. ఆ తర్వాత మీకు నచ్చిన చోటికి తీరిగ్గా మార్చుకోవచ్చు. డబ్బు మధ్యలో వేలాడుతున్నప్పుడు రెండు రిజిస్ట్రార్ల మధ్య నడవకండి.

ట్రాన్స్‌ఫర్ వరస ఇలా: తాళం తీయడం, పాత రిజిస్ట్రార్ దగ్గర ఆథ్ కోడ్ (బదిలీకి అనుమతించే రహస్య సంకేతం) తీసుకోవడం, కొత్త రిజిస్ట్రార్ దగ్గర కోడ్ ఇచ్చి రుసుము కట్టడం, పాత రిజిస్ట్రార్ పంపే మెయిల్‌లో ఆమోదించడం. ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే ఐదు రోజుల్లో దానంతట అదే పూర్తవుతుంది. ఆథ్ కోడ్ ఇంటి తాళం చెవి లాంటిది, వాట్సాప్ గ్రూపులో పెట్టేది కాదు.

ఇక్కడ ఇరుక్కునే చోట్లు:

- 60 రోజుల ఆగుడు. కొత్తగా రిజిస్టర్ చేసినా, రిజిస్ట్రార్ మారినా 60 రోజులు మళ్లీ కదలకపోవచ్చు. యజమాని పేరు, ఈమెయిల్ మార్చినా కొన్ని రిజిస్ట్రార్లు 60 రోజుల తాళం వేస్తాయి. అది వద్దని చెప్పే అవకాశం ఉన్నచోట, మార్పుకు ముందే అమ్మేవారు చెప్పాలి.
- 45 రోజుల నష్టం. గడువు దాటాక రెన్యువల్ చేసి 45 రోజుల్లోపు ట్రాన్స్‌ఫర్ చేస్తే, రెన్యువల్ ఏడాది రద్దయి ట్రాన్స్‌ఫర్ ఏడాదే మిగలొచ్చు. 45 రోజులు దాటాక కదలండి.
- పదేళ్ల పరిమితి. పేరు గడువు ఎప్పుడూ పదేళ్లు మించకూడదు. ఇప్పటికే తొమ్మిదేళ్లకు పైగా ముందుకు కట్టి ఉంటే ట్రాన్స్‌ఫర్‌తో కొత్త ఏడాది మొత్తం కలవదు.
- ఉచిత డీఎన్ఎస్ మాయం. నడుస్తున్న సైటు కొంటే, పాత రిజిస్ట్రార్ ఉచితంగా ఇచ్చిన డీఎన్ఎస్ (పేరును సైటుకూ మెయిల్‌కూ కలిపే సేవ) ట్రాన్స్‌ఫర్‌తో ఆగిపోవచ్చు. ముందే ఏ (సైటుకు), ఎంఎక్స్ (మెయిల్‌కు), టీఎక్స్‌టీ (ధ్రువీకరణలకు) రికార్డులన్నీ రాసి పెట్టుకుని కొత్తచోట వేయండి. ఎంఎక్స్ మరిచిపోతే సైటు బాగానే ఉంటుంది, మెయిళ్లు మాత్రం రావు. రెండు రోజులకు గానీ ఎవరూ గమనించరు.
- డీఎన్ఎస్‌సెక్, అంటే డీఎన్ఎస్ జవాబులు నకిలీవి కావని చూపే డిజిటల్ సంతకం. అది ఆన్‌లో ఉండగా నేమ్‌సర్వర్లు మారిస్తే సైటు చాలామందికి తెరుచుకోదు. ముందు రిజిస్ట్రీ దగ్గర ఆ సంతకానికి గుర్తుగా ఉండే డీఎస్ రికార్డు తీయించి, కనీసం ఒక రోజంతా ఆగి, తర్వాత నేమ్‌సర్వర్లు మార్చండి.

నేమ్‌సర్వర్ మార్పు అందరికీ చేరడానికి 48 గంటలు ఇవ్వండి. పాత సర్వర్‌ను ఆ రెండు రోజులూ తీసేయకండి.

8. పేరు వచ్చిన మొదటి గంటలో

- రిజిస్ట్రంట్ పేరు మీదే ఉందా చూడండి. ఆర్గనైజేషన్ గడిలో సంస్థ పేరుంటే ఆ సంస్థనే హక్కుదారుగా లెక్కిస్తారు. పాత కంపెనీ పేరు అక్కడ మిగలకూడదు.
- ఈమెయిల్ ధ్రువీకరణ లింకు నొక్కండి. 15 రోజుల్లో నొక్కకపోతే పేరును ఆపేస్తారు. "కొన్న రెండు వారాలకు సైటు పోయింది" అన్న ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం స్పామ్‌లో పడిన ఈ మెయిలే.
- ట్రాన్స్‌ఫర్ తాళం వేయండి.
- ఆటో రెన్యువల్ పెట్టండి. కార్డు మీద ఆటో చెల్లింపులు ఒక్కోసారి విఫలమవుతాయి కాబట్టి గడువుకు నెల ముందు క్యాలెండర్‌లో గుర్తు కూడా వేసుకోండి.
- ఖాతాకు రెండంచెల లాగిన్ పెట్టండి. ఎస్ఎంఎస్ కన్నా ఆథెంటికేటర్ యాప్ మేలు.
- ఖాతా ఈమెయిల్ అదే డొమైన్ మీద ఉండకూడదు. పేరు గడువు దాటిందంటే, దాన్ని విడిపించుకోమని వచ్చే మెయిల్ కూడా మీకు అందదు.

డాట్ ఇన్ పేర్లకు వివరాలు దాచే ప్రైవసీ సేవ అనుమతించరు. కాబట్టి ఇంటి చిరునామా, సొంత నంబరు కాకుండా వ్యాపార చిరునామా ఇవ్వండి. అయితే అది నిజమైనదే అయ్యుండాలి.

9. అమ్మనంటే: గడువు కోసం కాచుకోవడం

డాట్ కామ్ పేరు గడువు దాటాక 45 రోజుల వరకు రిజిస్ట్రార్ దగ్గర ఉండొచ్చు, ఆపై 30 రోజులు రిడెంప్షన్, ఆపై 5 రోజులు పెండింగ్ డిలీట్ (తొలగింపుకు ఎదురుచూసే దశ). అప్పుడు గానీ బయటపడదు. ఆ విడుదల అమెరికా పగటివేళ జరుగుతుంది. మనకు రాత్రి పదకొండున్నర, అక్కడ చలికాలం వేళల్లో అయితే పన్నెండున్నర ప్రాంతంలో.

ఆ వేళకు కూర్చుని చేత్తో కొట్టి పట్టుకుందామంటే కుదరదు. డ్రాప్‌క్యాచ్, స్నాప్‌నేమ్స్ లాంటివి లిప్తపాటులో లాగేస్తాయి. వాటి దగ్గర ముందే బ్యాక్‌ఆర్డర్ (పేరు బయటపడగానే నా కోసం పట్టమనే అభ్యర్థన) పెట్టండి, రెండు మూడు చోట్ల పెట్టినా తప్పులేదు. ఒకే చోట ఇద్దరు అడిగితే అక్కడే వేలం నడుస్తుంది.

అయితే మంచి పేరు ఆ దశ దాకా రావడమే అరుదు. చాలా రిజిస్ట్రార్లు రిడెంప్షన్‌కు ముందే దాన్ని తమ వేలంలో పెట్టేస్తాయి. కాబట్టి గడువు దాటిన రోజు నుంచే ఆ రిజిస్ట్రార్ వేలం పేజీ చూస్తూ ఉండండి. గెలిచినా సంబరం అప్పుడే వద్దు. చేతికి వచ్చేలోపు పాత యజమాని రెన్యువల్ చేసుకుంటే పేరు ఆయనదే, మీ డబ్బు మీకు తిరిగొస్తుంది.

10. అమ్మేవైపు ఉంటే

ధర చెప్పకుండా "ఆఫర్ పంపండి" అని పెట్టిన పేర్లకన్నా, స్థిరమైన ధర పెట్టినవి చిన్న మొత్తాల్లో త్వరగా కదులుతాయి. పేరు కొట్టినవారికి ఖాళీ పేజీ కాకుండా అమ్మకపు పేజీ కనిపించేలా నేమ్‌సర్వర్లు పెట్టండి. వేదిక కమీషన్ పదిహేను నుంచి పాతిక శాతం దాకా ఉంటుంది, దాన్ని ధరలో ముందే కలుపుకోండి. కార్డు ద్వారా నేరుగా డబ్బు తీసుకోకండి. పేరు వెళ్లిపోయాక కొనేవారు బ్యాంకుకు ఫిర్యాదు చేసి డబ్బు వెనక్కి లాక్కోవచ్చు.

కొనే మనిషి "ముందు ఫలానా సైటులో విలువ పత్రం తీయించండి, ఖర్చు ధరలో కలిపి ఇస్తాను" అంటే అక్కడితో మాటలు ఆపేయండి. ఆ సైటు అతనిదే. "మీ పేరును చైనాలో ఎవరో రిజిస్టర్ చేస్తున్నారు, వెంటనే స్పందించండి" అనే మెయిల్ కూడా అదే కోవలోది, జవాబివ్వక్కర్లేదు.

పేరు ఇచ్చేముందు దాని మీద ఉన్న మెయిల్‌బాక్స్‌లు అన్నిటినీ ఖాళీ చేసుకోండి. ఆ చిరునామాతో తెరిచిన బ్యాంకు, ఆదాయపు పన్ను, జీఎస్టీ పోర్టల్, ఫేస్‌బుక్ పేజీ, యూట్యూబ్ ఖాతాల జాబితా రాసి ఒక్కొక్కటిగా ఈమెయిల్ మార్చండి. పేరు వెళ్లిన మరునాటి నుంచి ఆ చిరునామాలకు వచ్చే "పాస్‌వర్డ్ మర్చిపోయారా" మెయిళ్లు కొత్త యజమానికి చేరతాయి.